హస్తవాసి

లాంచీ నడిపే పేర్రాజు సరంగు చావుకి భయపడ్డాడంటే కాకినాడ రేవులో ఎవరూ నమ్మరు. తుఫాను హెచ్చరిక జెండా ఎగరేశాక కూడా లాంచీ వేసుకుని సముద్రంలోకి వెళ్ళి, లంగరేసిన ఓడ దగ్గర చిక్కుకుపోయిన కూలీలను ఒడ్డుకి చేర్చిన మనిషి ఆయన. అలాంటి మనిషికి ఊపిరితిత్తుల్లో రాచపుండు పడింది. ఇక మా దగ్గర మందుల్లేవని పెద్దాసుపత్రివాళ్ళు చేతులెత్తేశాక, ఉప్పుటేరు పక్కనున్న విశ్రాంతి నిలయంలో చేర్చారు. అక్కడ జబ్బు నయం చెయ్యరు. పోయేవాళ్ళను బాధ లేకుండా సాగనంపుతారు, అంతే. ఆ మంచం మీద గాలి అందనప్పుడల్లా సరంగు కళ్ళు పెద్దవి చేసి, దుప్పటి పిడికిట్లో బిగించి, చంటిపిల్లాడిలా బెదిరిపోయేవాడు.

కూతురు మంగతాయారు అది చూడలేకపోయేది. ఆమె చదువుకున్న మనిషి, పైగా ఉద్యోగమే చేతులకు సంబంధించింది. ఊరి బయట ఒక పరిశోధనశాలలో, చెయ్యి తిరిగిన సర్జన్ల కదలికలను పట్టుకుని కుర్ర డాక్టర్లకు నేర్పే గ్లవ్ తయారుచేస్తున్నారు. వేలి కొస ఎంత గట్టిగా ఒత్తింది, ఎంతసేపు ఆగింది, ఎంత వెచ్చగా ఉంది, ఎక్కడ సన్నగా వణికింది, అన్నీ ఆ గ్లవ్‌కి గుర్తుంటాయి. ఇంత విద్య నేర్చీ, నాన్న ఛాతీ మీద చెయ్యి ఎలా వెయ్యాలో మాత్రం తాయారుకి తెలిసేది కాదు. వేస్తే ఆయన ఇంకా బెదిరేవాడు. "తియ్యి తాయీ, బరువుగా ఉంది" అనేవాడు.

అప్పుడు ఎస్తేరు సిస్టర్ వచ్చేది.

ఎస్తేరు దేవతేం కాదు. గొంతు పెద్దది, కోపం ముక్కు మీదే ఉంటుంది. టీలో పంచదార తక్కువైతే వంటావిడ వంశం మొత్తాన్నీ తలుచుకునేది. కాని ఊపిరాడని మనిషి పక్కన కూర్చుంటే ఆవిడే వేరు. ముందు వేళ్ళ వెనకభాగం గొంతు గుంట దగ్గర ఆనించేది. కాసేపు ఏమీ చేసేది కాదు. తర్వాత అరచెయ్యి ఛాతీ మీదకి జారేది. ఆయన ఊపిరి వదిలినప్పుడు ఆ చెయ్యి కిందికి దిగేది, పీల్చినప్పుడు ఉందో లేదో తెలియనంత తేలికైపోయేది. "ఏం తొందర్లేదు సరంగుగారూ. పోటు తీస్తోంది, లాంచీని దాంతో పోనివ్వండి" అనేది. సరంగు పిడికిలి మెల్లగా వదులయ్యేది.

"హస్తవాసి అంటే ఇదేనమ్మా" అనేది తాయారు తల్లి వీరవేణమ్మ. మందు అందరూ ఇస్తారు, ఫలానా డాక్టరు ఇస్తేనే తగ్గుతుంది అని మన జనం అనుకోవడం ఉంది కదా, అదే ఆవిడ ఉద్దేశం. "చచ్చేవాడిని బతికించే హస్తవాసి విన్నాను గాని, చచ్చేవాడికి హాయి చేసే హస్తవాసి ఇక్కడే చూశాను."

"మరేఁ" అనేది ఎస్తేరు, తన చేతులకేసి తనే మురిపెంగా చూసుకుంటూ. "ఈ చేతులు మా నాయనమ్మవి. ఆవిడ మంత్రసాని. వచ్చేవాళ్ళని ఆవిడ పట్టుకుంది, పోయేవాళ్ళని నేను పట్టుకుంటన్నాను."

తాయారు ఆ మాటకి నవ్వింది. నాన్న జబ్బు పడ్డాక ఆమె నవ్వడం అదే మొదలు. ఈ మనిషి రుణం ఎలా తీర్చుకోవాలా అన్న ఆలోచన అప్పుడే పట్టుకుంది. ఆ ఆలోచనే లేకపోతే ఇంత కథా లేదు.

ఒక మధ్యాహ్నం సరంగుకి ఆయాసం బాగా ఎక్కువైంది. ఎస్తేరు ఆయన దగ్గర కూర్చుని కదల్లేదు. ఆ సమయంలోనే హాల్లో అటు చివర, కిటికీ పక్క మంచంలో ఉన్న రిటైర్డ్ డ్రిల్లు మేష్టారు గంట నొక్కుతూనే ఉన్నాడు. ఆయా పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఆయన పోయాడు. గంట మీట వేళ్ళ మధ్య ఇరుక్కుపోయి ఉంది.

తాయారు వెళ్ళి చూసేసరికి ఎస్తేరు పెరట్లో పంపు కింద చేతులు కడుక్కుంటోంది. కడిగిన చేతులనే మళ్ళీ మళ్ళీ కడుగుతోంది.

"మీ తప్పేముంది సిస్టర్? మీరు నాన్న దగ్గరున్నారు" అంది తాయారు.

"అదే కదమ్మా తప్పు! మీ నాన్న దగ్గరున్నాను కాబట్టి ఆయన దగ్గర్లేను." ఎస్తేరు పంపు కట్టేసి కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఎన్ని మంచాలున్నాయండీ ఈ హాల్లో? నాకు దేవుడిచ్చినవి రెండు చేతులు. ఎవరో ఒకరు ఒంటరిగా పోతానే ఉంటారు. ఎంత పాపం మూటగట్టుకోను చెప్పండి?"

తాయారు ఆవిడ చేతులకేసి చూసింది. పరిశోధనశాలలో సర్జన్ల చేతులను చూసే చూపే అది.

"నేనొకటి అడుగుతాను సిస్టర్, కాదనకండి" అంది.

*

గ్లవ్ వేసుకున్నప్పటి నుంచీ ఎస్తేరు సణుగుడు వినాలి. చెయ్యి చెమట పడుతోందనేది, దురద పెడుతోందనేది, రొయ్య పొట్టులో చెయ్యి పెట్టినట్టుందనేది. అయినా ఒక్కరోజూ మానలేదు. డ్రిల్లు మేష్టారి మంచం మీద కొత్త మనిషి వచ్చి పడ్డాడు. ఆయన మీద, సరంగు మీద, మిగతా అందరి మీదా ఆ గ్లవ్ చెయ్యి పడుతూనే ఉంది.

తాయారు మంచం పక్కన స్టూలేసుకుని ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని కూర్చునేది. రోగి ఒంటికి అంటించిన తీగల నుంచి తెర మీద గీతలు కదిలేవి. ఊపిరికి ఒకటి, నాడికి ఒకటి, చర్మం చెమర్చడానికి ఒకటి. అన్నిటినీ కలిపి మనిషిలో భయం ఎంతుందో చూపించే గీతను పరిశోధనశాలలో అందరూ బెదురుగీత అనేవారు. ఎస్తేరు చెయ్యి పడగానే ఆ గీత వాలిపోయేది. అన్నేళ్ళ ఉద్యోగంలో తాయారు అంత అందమైన గీత చూడలేదు.

సరంగు పోయింది కూడా ఆ గీత చూస్తుండగానే. ఎస్తేరు ఆయన ఛాతీ మీద చెయ్యి వేసి, "ఒడ్డు వచ్చేసిందండీ సరంగుగారూ, ఇంజను ఆపేసుకోండి" అంటోంది. వీరవేణమ్మ కాళ్ళు పట్టుకుని కూర్చుంది. తాయారు తెరకేసి చూస్తోంది. గీత వాలి, వాలి, నేల మీద నీరు పరుచుకున్నట్టు నిలిచిపోయింది. ఆమె తలెత్తేసరికి నాన్న లేడు. ఏడుపు తర్వాత వచ్చింది. అంతకంటే ముందు, ఈ చెయ్యి ఇక ఎవరికీ దొరక్కుండా పోదు అన్న సంతోషం వచ్చింది. ఆ సంతోషానికి ఆమె సిగ్గుపడలేదు, అది నాన్న పేరున చేస్తున్న పుణ్యం అనుకుంది.

పన్నెండో రోజు వెళ్ళాక వీరవేణమ్మ జరీ అంచు చీర తీసుకుని విశ్రాంతి నిలయానికి వెళ్ళింది. చీర పెట్టేటప్పుడు బొట్టు పెట్టాలి, తనేమో బొట్టు తీసేసిన మనిషి, ఎస్తేరేమో ఆదివారం ఆదివారం చర్చికెళ్ళే మనిషి. వీరవేణమ్మ కుంకుమభరిణె మూత తీసి ఏం చెయ్యాలో తోచక నిలబడిపోయింది.

"పెట్టండమ్మా, పర్లేదు. మా ఫాదరుగారు చూసేలోపు తుడిచేసుకుంటాలెండి" అంది ఎస్తేరు నుదురు ముందుకు చాపి.

ఇద్దరూ నవ్వుకుంటూ ఏడ్చారు.

*

పరిశోధనశాలలో మెత్తటి రబ్బరుతో చెయ్యి తయారైంది. మంచం పక్కన కమ్మీకి బిగిస్తే, రోగి ఊపిరిని బట్టి అదే కదులుతుంది, అదే ఆగుతుంది. మనిషి ఒంటి వెచ్చదనం ఉంటుంది. మొదట్లో వేరే వేరే ఊళ్ళ నుంచి ఇంకొందరు మంచి నర్సుల చేతులు కూడా గ్లవ్‌లోకి ఎక్కించారు. కాని అన్నిటినీ కలిపి నేర్పిస్తే అది ఎవరి చెయ్యీ కాకుండా పోయేది, రోగులు ఉలిక్కిపడేవాళ్ళు. ఏదో ఒకరి చెయ్యే ఉండాలని తేలింది.

"రెండు మూడు రకాలు ఉంచుదాం తాయారుగారూ. ఎవరికి ఏది నప్పితే అది పెట్టొచ్చు" అన్నాడు బృందానికి పెద్ద అయిన గోపీనాథ్.

"ఎస్తేరుగారి చెయ్యి నప్పని మనిషిని నాకొక్కణ్ణి చూపించండి" అంది తాయారు. "రెండో రకం చెయ్యి ఎవరికైనా ఎందుకండీ? మా నాన్నకి దొరికింది అందరికీ దొరకాలి. ఈ యంత్రం ఆవిడదే, ఆవిడ ఒక్కరిదే అవ్వాలి. మేము ఆవిడకి ఇచ్చుకోగలిగింది ఇదొక్కటే."

గోపీనాథ్ మంచివాడు, ఎవరితోనూ వాదన పెట్టుకోడు. తలూపేశాడు. వాడుకలో లేని చేతుల గుర్తులు దాచిపెట్టుకోకూడదన్న నిబంధన ఒకటుంది. ఆ ప్రకారం మిగతా నర్సుల చేతులన్నీ తాయారు దగ్గరుండి చెరిపించేసింది.

యంత్రానికి 'హస్తవాసి' అని పేరు పెట్టారు. నిజం చెప్పుకోవాలి, అది పనిచేసింది. యంత్రం గనుక మనసు లేదు, మనసు లేదు గనుక ఓదార్పు లేదు అని పెద్దపెద్ద మాటలు రాసినవాళ్ళు ఉన్నారు గాని, వాళ్ళెవరూ ఊపిరాడక కొట్టుకున్నవాళ్ళు కాదు. కొట్టుకున్నవాళ్ళు దాని కింద నిద్రపోయారు. బెదురుగీత పాలకొల్లులోనూ వాలింది, పార్వతీపురంలోనూ వాలింది.

సభ పెట్టి ఎస్తేరుకి శాలువా కప్పారు. ఆవిడ వీరవేణమ్మ పెట్టిన చీర కట్టుకుని వచ్చింది. ఫొటో తీసేవాళ్ళు చెయ్యి ఎత్తి చూపించమంటే రెండు చేతులూ ఎత్తి చూపించింది. ఆ తర్వాత తాయారు కనిపించినప్పుడల్లా ఒకటే ప్రశ్న. "నా చెయ్యి ఇంకా ఎక్కడెక్కడికెళ్ళిందండీ?"

"ఈ నెల ఆదిలాబాద్ వెళ్ళింది సిస్టర్."

"ఆయ్! నేను ద్వారపూడి దాటలేదు, నా చెయ్యి ఆదిలాబాద్ చూసేసింది! ఏవండీ, అక్కడ చలంట కదా, చేతికి స్వెట్టరేసేరా లేదా?"

అప్పటికి అందరూ సంతోషంగానే ఉన్నారు.

*

చెడ్డవాడు ఒకడుంటే వాడి మీదకి తోసేసి మనం హాయిగా ఉండొచ్చు. ఈ కథలో అలాంటివాడు లేడు. విశ్రాంతి నిలయం మేనేజరు మర్యాదస్తుడు. ప్రతి మంచానికీ ఎస్తేరు చెయ్యి ఉన్నప్పుడు హాల్లో అంతమంది నర్సులు ఎందుకని ఆయనకి అనిపించింది. అది అనిపించాల్సిన విషయమే. ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు. తెర చూసుకుంటూ, మంచాల పక్కలు మార్చుకుంటూ ఇద్దరు కుర్రవాళ్ళు మిగిలారు.

కుటుంబాలు కూడా మారాయి. ఇదివరకు మంచం పక్కన కొడుకో కోడలో కూర్చునేవాళ్ళు, ఎలా పట్టుకోవాలో తెలియకపోయినా తంటాలు పడేవాళ్ళు, ఎస్తేరు చేత చీవాట్లు తినేవాళ్ళు. ఇప్పుడు చెయ్యి ఉంది కదా. తమ మొరటు చెయ్యి అడ్డం పెట్టి పెద్దాయన నిద్ర చెడగొట్టడం ఎందుకని పక్కకి తప్పుకునేవాళ్ళు. క్యాంటీన్‌లో జనం పెరిగారు.

ఎస్తేరుని మాత్రం గౌరవంగా ఉంచారు. వచ్చినవాళ్ళకి కనిపించేలా ముందు గదిలో కుర్చీ వేశారు, గోడ మీద శాలువా ఫొటో తగిలించారు. ఆవిడ లేచి హాల్లోకెళ్ళి ఎవరి మీదైనా చెయ్యి వెయ్యబోతే కుర్రవాళ్ళు కంగారు పడేవాళ్ళు. "సిస్టర్, మీరు చెయ్యేస్తే మిషన్ కన్‌ఫ్యూజ్ అయిపోతందండి, రెండు చేతులనుకుంటంది" అనేవాళ్ళు. కొన్నాళ్ళకి ఆవిడే హాల్లోకి రావడం మానేసింది. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు అంటారే, అంతకంటే అన్యాయం ఇది. ఇక్కడ తెప్పకి పూలదండ వేసి గోడకి తగిలించారు.

తాయారుకి తెలియలేదా అంటే తెలిసింది. మేనేజరుతో ఒకసారి మాట్లాడింది కూడా. ఆయన మర్యాదగా విన్నాడు. ఆమెకి అప్పుడు చేతినిండా పని. హస్తవాసిని వేరే రాష్ట్రాలకి పంపాలి, విమానం ఎక్కాలి. పండక్కి ఎస్తేరుకి ఫోను చేసేది. "మీ దయవల్ల బాగానే ఉన్నానండీ" అనేది ఆవిడ. ఎస్తేరు నోట దయ అన్న మాట అంతకుముందు ఎప్పుడూ వినలేదని తాయారుకి తోచింది గాని, విమానం పిలుపు వచ్చింది.

*

కొన్నేళ్ళకి ఎస్తేరు గుండె నీరసించింది. ఒంట్లో నీరు చేరి, పడుకుంటే ఊపిరాడని జబ్బు. ఇంట్లో చూసే దిక్కు లేదు, పెళ్ళి చేసుకోలేదు. విశ్రాంతి నిలయంవాళ్ళే తీసుకొచ్చి, ఎంతైనా మన సిస్టర్ కదా అని కిటికీ పక్క మంచం ఇచ్చి, కొత్త హస్తవాసి బిగించారు.

మర్నాడే వార్డు చూసుకునే దుర్గాప్రసాద్ తాయారుకి ఫోను చేశాడు. "మేడం, మిషన్ పాడైనట్టుందండి. సిస్టర్‌గారికి పనిచెయ్యట్లేదు. గీత అలాగే నిలబడిపోతందండి. ఇంకో మంచానికి మారిస్తే అక్కడ బాగానే పనిచేస్తంది."

తాయారు పరిగెత్తుకుంటూ వచ్చింది. ఎస్తేరు దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. మొహం ఉబ్బి, పెదాలు నల్లబడ్డాయి. రబ్బరు చెయ్యి ఆవిడ గొంతు గుంట దగ్గర వేళ్ళ వెనకభాగం ఆనించి ఆగింది. తర్వాత ఛాతీ మీదకి జారింది. ఊపిరితో పాటు దిగింది, తేలికైంది. ఒక్క లోపం లేదు. తెర మీద బెదురుగీత మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

"ఎలా ఉంది సిస్టర్?" అంది తాయారు.

"ఎలా ఉంటదండీ." ఎస్తేరు మాటకి మాటకి మధ్య ఊపిరి వెతుక్కుంటోంది. "అది నా చెయ్యే కదా. నా ఛాతీ మీద... నేనే చెయ్యేసుకున్నట్టుంది. అంటే పక్కన ఎవరూ లేరనే కదండీ. దీన్ని తీసేయించండి తల్లీ. అది ఉంటే... ఒక్కదాన్నే ఉన్నానని ఇంకా గుర్తొస్తంది."

తెర, తీగలు మాత్రం ఉంచి, తాయారు ఆ చెయ్యి తీసేయించింది.

పరిశోధనశాలలో గోపీనాథ్ అంతా విని, తన అరికాలు తనే గోటితో గీరుకున్నాడు. "మన చేత్తో మనం చక్కిలిగిలి పెట్టుకుంటే నవ్వొస్తుందా తాయారుగారూ? తర్వాత ఏం జరుగుతుందో మెదడుకి ముందే తెలిస్తే, దాన్ని లెక్కలోకి తీసుకోదు. ఆవిడ జన్మంతా అదే చెయ్యి అలాగే వేసింది. వేలు ఆనగానే తక్కినదంతా ఆ మెదడుకి కంఠస్థం. లోకం మొత్తం మీద ఈ యంత్రం పనిచెయ్యని మనిషి ఒక్కరే ఉంటారు. ఆవిడే."

"అయితే లయ మార్చండి. కొంచెం తేడా చెయ్యండి."

మార్చి చూశారు. కొంచెం మారిస్తే ఎస్తేరే పోల్చుకుంది. ఎక్కువ మారిస్తే మీద ఏదో పాకుతున్నట్టుందని ఎస్తేరు దడుచుకుంది.

"వేరే నర్సు చెయ్యి ఏదైనా పెడితే సరిపోయేది" అన్నాడు గోపీనాథ్, కళ్ళు దించుకుని. ఆ చేతులన్నీ ఎవరు చెరిపించారో అతను అనలేదు. అని ఉంటే తాయారుకి కాస్త నయంగా ఉండేది.

మనిషినే తెద్దామని ఆమె ఊరంతా తిరిగింది. విశ్రాంతి నిలయంలో పనిచేసిన పాత నర్సులు ఎక్కడెక్కడో ఉన్నారు. ఒకావిడ బట్టల కొట్లో ఉంది, ఇంకొకావిడ పోయింది. ఒకప్పుడు గ్లవ్‌కి చేతులిచ్చిన పై ఊళ్ళ నర్సులు కూడా ఎప్పుడో పని మానేశారు. బట్టల కొట్టు ఆవిడ చీర మడతపెడుతూ తాయారు చెప్పిందంతా విని, "ఇప్పుడు చెయ్యేస్తే వణుకుతాదండి. అలవాటు తప్పిపోయింది" అంది. "అయినా మిషన్ ఉందిగా. మాకంటే అదే బాగా చేస్తదని మీరే అన్నారు కదండీ, టీవీలో." నర్సింగ్ స్కూల్లో అడిగితే, పోయేవాళ్ళ పక్కన కూర్చోవడం ఇప్పుడు పాఠంలో లేదన్నారు. తెర చూడటం నేర్పుతున్నారు. వాళ్ళకి ఆ తెర తయారుచేసిచ్చిందీ తాయారే.

రుణం తీర్చుకుందామని బయల్దేరిన మనిషి, ఆ తల్లికి ఆఖరి గడియలో ఒక్క చెయ్యి దొరక్కుండా ఊళ్ళన్నీ ఊడ్చేసింది. పగబట్టినవాడు కూడా ఇంత శ్రద్ధగా చెయ్యలేడు.

*

చివరికి తాయారే స్టూలు లాక్కుని కూర్చుంది. పొద్దు వాలుతోంది. వంటగదిలో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వస్తోంది. హాల్లో మిగతా మంచాలన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయి. అన్ని మంచాల మీదా ఎస్తేరు చేతులు లేస్తూ దిగుతూ ఉన్నాయి.

"నేను వేస్తాను సిస్టర్. నాకు రాదు. మీరే చెప్పండి" అంది.

"చేతులు కడుక్కున్నారా?" అంది ఎస్తేరు. ప్రాణం పోతున్నా ఆ గొంతులో అధికారం పోలేదు.

"కడుక్కున్నాను."

"వేళ్ళు ముందు... తిరగెయ్యండి. ఆఁ. ఆగండి. అక్కడే... ఏం చెయ్యకండి."

తాయారు ఆగింది. ఆ ఊపిరిని వేలి వెనక తెలుసుకుందామని చూసింది. ఎన్ని వేల ఊపిరులను గీతలుగా చూసిందో, ఒక్కటీ చేతికి అందలేదు. వేళ్ళ కింద ఏదో ఎగిరెగిరి పడుతోంది, అంతే. అరచెయ్యి ఛాతీ మీదకి తెచ్చింది.

"ఇప్పుడు కాదు... నేను వదిలాక. బరువు... బరువు తియ్యండి తల్లీ."

తాయారు చటుక్కున చెయ్యి ఎత్తేసింది. మళ్ళీ వేసింది. చెయ్యి చల్లబడింది, వణుకుతోంది. ఎంత వణక్కూడదనుకుంటే అంత వణుకుతోంది. "క్షమించండి సిస్టర్. నాకు రావట్లేదు. మీకు నేనేం చేశానో చూడండి. మీ చేతులు తీసుకుని, అందరి చేతులూ తీసేసి..." కన్నీళ్ళు ఎస్తేరు దుప్పటి మీద పడ్డాయి.

ఎస్తేరు ఆమెకేసి చాలాసేపు చూసింది. అంతవరకూ ఊపిరి కోసం పాకులాడుతున్న మొహం మెల్లగా సర్దుకుంది. పెదాల మీదకి చిన్న నవ్వు వచ్చింది. తన చెయ్యి ఎత్తి, ఉబ్బిపోయిన ఆ వేళ్ళతో తాయారు మణికట్టు పట్టుకుంది.

"వచ్చేసింది... అమ్మాయిగారూ. అదే. ఇప్పుడు బాగుంది."

"నిజంగానా?"

"హాయిగా ఉందండి. అలాగే ఉంచండి. మీకు మంచి హస్తవాసి."

తాయారు ఊపిరి పీల్చుకుంది. ఆమె చెయ్యి వణకడం తగ్గింది. అలవాటు చొప్పున తలెత్తి తెరకేసి చూసింది.

బెదురుగీత వాలలేదు. వెంట్రుకవాసి కూడా వాలలేదు. పైన, కొన మీద, బిర్ర బిగుసుకుని నిలబడి ఉంది. ఎస్తేరు నిలువునా భయపడుతోంది. ఆ భయంలోనే, పక్కన కూర్చున్న మనిషి ఏడుస్తోందని చూసి ఓదారుస్తోంది. మణికట్టు మీది వేళ్ళు తాయారు ఊపిరితో పాటే బిగుస్తున్నాయి, వదులవుతున్నాయి.

ఆ అబద్ధాన్ని తాయారు ఏం చెయ్యగలదు? తెలిసిపోయిందంటే ఆవిడ చేస్తున్న ఆఖరి పని కూడా పాడవుతుంది. ఖాళీగా ఉన్న చేత్తో తెరని గోడవైపు తిప్పేసింది.

"అయితే నిద్రపోండి సిస్టర్. నేనిక్కడే ఉంటాను."

"ఆయ్" అంది ఎస్తేరు. నవ్వు చెదరనివ్వలేదు. గోడవైపు తిరిగిన గీత ఎవరికీ కనిపించలేదు గాని, తాయారుకి కనిపిస్తూనే ఉంది. వీధిలైట్లు వెలిగే వేళకి మణికట్టు మీది వేళ్ళు వదులయ్యాయి. ఈసారి మళ్ళీ బిగుసుకోలేదు.

దుర్గాప్రసాద్ వచ్చి దుప్పటి సరిచేశాడు. తాయారు లేచి హాల్లో రెండడుగులు వేసింది. పక్క మంచంలో ఒక ముసలాయన రబ్బరు చెయ్యి కింద హాయిగా నిద్రపోతున్నాడు. ఆయన భార్య అప్పుడే క్యాంటీన్ నుంచి వచ్చినట్టుంది, చంకలో ఫ్లాస్కు ఉంది. తాయారుని చూసి గబగబా ఎదురొచ్చి రెండు చేతులూ పట్టేసుకుంది.

"మీరేనంట కదమ్మా ఇది కనిపెట్టింది! దుర్గాప్రసాద్ బాబు చెప్పేడు. మా ఆయన మూడు పూటల్నించీ కంటి మీద రెప్పెయ్యలేదండీ. ఇది పెట్టగానే పసిపిల్లాడిలాగ పడుకున్నారు. మీ రుణం ఏ జన్మకీ తీర్చుకోలేమమ్మా."

"నాది కాదండీ" అంది తాయారు. ఎస్తేరు మంచం చూపించింది. "ఆ చెయ్యి ఆవిడది. ఎస్తేరు సిస్టర్ అని. ఆవిడకి చెప్పుకోండి."

ముసలావిడ ఆ మంచంకేసి చూసింది. ముఖం మీదికంటా కప్పిన దుప్పటి చూసింది. ఫ్లాస్కు కింద పెట్టి, దుప్పటి కింది మనిషికి నిండు మనసుతో దండం పెట్టింది. తర్వాత ఆవిడ మొహంలో ఏదో భయం కదిలింది. భర్త గుండెల మీద లేస్తూ దిగుతూ ఉన్న చేతికేసి తిరిగింది.

"అయ్యో, ఆయమ్మ పోయిందా? మరైతే ఇది ఆగిపోదు కదమ్మా?"

"ఆగదండీ" అంది తాయారు.

ముసలావిడ గుండె మీద చెయ్యి వేసుకుని, "అమ్మయ్య" అంది.